మాత్ర ఇచ్చేది మేము, చీటీ మీద పేరు డాక్టర్‌ది: నర్సులకు మందులు రాసే అధికారం ఉండాలా?

పల్నాటి_సిస్టర్:
అందరికీ నమస్తే. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (డాక్టర్‌కు, ఏఎన్ఎంకు మధ్య స్థాయి ఆరోగ్య ఉద్యోగి) చేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్, ఆపైన ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నా. సీనియర్లు, డాక్టర్లు, ఫార్మసీ వాళ్లు ఎవరైనా చెప్పండి.

మిరప కోతల టైంలో ఒక జంట వచ్చారు. ఆయనకు పీహెచ్‌సీ డాక్టర్ గారు ఎప్పుడో బీపీకి ఆమ్లోడిపిన్ 5 మాత్ర రాశారు, బుక్కులో ఉంది. మాత్రలు అయిపోయాయి. నెలకు సరిపడా ఇచ్చి రిజిస్టర్‌లో ఎక్కించాను. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. పక్కన కూర్చున్న భార్యకు కూడా ఓసారి చూడమన్నాడు. 168/102. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 164/100. ఆమెకు బీపీ చూడటం అదే మొదటిసారి. అదే మాత్ర, డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. కానీ కొత్తగా మొదలుపెట్టాలంటే డాక్టర్ చెప్పాలి. వీడియో కాల్ పెట్టాను, సిగ్నల్ లేక తిరుగుతూనే ఉంది. పీహెచ్‌సీకి వెళ్లమ్మా అని చీటీ రాసిచ్చా. కూలి పోతుందని వెళ్లలేదు. సాయంత్రం ఆర్‌ఎంపీ (డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసేవాడు) దగ్గర తలనొప్పికి సూది వేయించుకుందని మా ఆశా చెప్పింది.

ఆ మాత్ర నేను ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా? ఇవ్వొచ్చంటే ఏ కాగితం ప్రకారం? రేపు ఏదైనా జరిగితే నా వెనక ఎవరు నిలబడతారు? అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్లు (పై చదువు చదివి పేషెంట్లను చూసే నర్సులు) మందులు సొంతంగా రాస్తారట. వాళ్లూ నర్సులే కదా.

రైతుబిడ్డ_మార్కాపురం:
అమ్మా, మా ఊళ్లో లెక్క వేరు. క్లినిక్ సాయంత్రానికి మూతపడుద్ది. ఆర్‌ఎంపీ రాత్రి పదింటికి తలుపు కొట్టినా లేస్తాడు. ముందు సూది వేస్తాడు, తర్వాత ఏమైందని అడుగుతాడు. చదువుకున్న నర్సమ్మకేమో మాత్ర ఇవ్వడానికి పర్మిషన్ కావాలి, ఏమీ చదవనోడికి అక్కర్లేదు. ఇదెక్కడి చట్టమో పెద్దోళ్లు చెప్పాలి.

నెల్లూరు_ఫార్మా:
చట్టం చెబుతాను. డ్రగ్స్ రూల్స్, 1945 ప్రకారం షెడ్యూల్ హెచ్ (చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా) మందు అమ్మాలంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాసిన చీటీ ఉండాలి. రిజిస్టర్డ్ అంటే మెడికల్ కౌన్సిల్‌లో పేరున్న డాక్టర్. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దీనికి పనికిరాదు. షెడ్యూల్ హెచ్1 అయితే ఇంకా గట్టి. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. రాసినవారి పేరు, అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్ రాసి మూడేళ్లు దాచాలి. సిస్టర్ చీటీ రాసి నా షాపుకు పంపితే గౌరవమే, కానీ మందు ఇవ్వలేను.

అయితే మీ క్లినిక్‌లో ఇచ్చేది వేరే విషయం. అదే రూల్స్‌లో షెడ్యూల్ కె ఉంది. సర్కారు ఆరోగ్య కార్యక్రమాల కింద పీహెచ్‌సీ, సబ్ సెంటర్ నర్సులు, ఏఎన్ఎంలు, చివరికి అంగన్‌వాడీ వర్కర్లు ఇచ్చే మందులకు కూడా అమ్మకం లైసెన్సు రూల్స్ నుంచి మినహాయింపు. ఇవ్వడానికి దారి అలా వచ్చింది. రాయడానికి రాలేదు.

డా_కేవీఆర్:
పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. సిస్టర్, మీ పోస్టు చదవగానే నాకు వచ్చిన ప్రశ్నలు వేరు. ఆమె వయసెంత? నెల తప్పిందా అని అడిగారా? కాళ్ల వాపు, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నాయా? నొప్పులకు మాత్రలు మింగే అలవాటుందా? మిరప కోతలకు వచ్చినవాళ్లు డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటారు, దాంతో కూడా బీపీ పెరగొచ్చు. ప్రిస్క్రిప్షన్ అంటే మందు పేరు రాయడం కాదు. ఆ పేరు దాకా వచ్చే ముందు కొట్టేసుకున్న పది అనుమానాలు.

పల్నాటి_సిస్టర్:
డాక్టర్ గారూ, అడిగాను. 46 ఏళ్లు, ట్యూబెక్టమీ అయింది, ముట్టు క్రమంగానే వస్తోంది. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు, వాపు లేదు. షుగర్ చూశా, నార్మల్. నొప్పి మాత్ర గురించీ అడిగాను. మొగుడు కొనుక్కొచ్చేవి అప్పుడప్పుడు వేసుకుంటానంది, అవి మానమని చెప్పాను. ఇవన్నీ రిఫరల్ చీటీలో రాశాను సార్. ఆ చీటీ ఎవరూ చదవలేదు, ఎందుకంటే ఆమె వెళ్లనే లేదు.

డా_కేవీఆర్:
సరే. ఇన్ని అడిగారంటే మీతో మాట్లాడొచ్చు. (వెక్కిరింపు కాదు.) అయినా ఒక్క పూటలో రెండుసార్లు చూసి బీపీ జబ్బు అని ముద్ర వేయం. ఇంకో రోజు మళ్లీ చూడాలి. 180/110 దాటితే కథ వేరు.

కృష్ణా_జిల్లా_కుర్రాడు:
నాకు ఫాస్టింగ్ షుగర్ 240 వచ్చింది. మెట్‌ఫార్మిన్ 500 వేసుకోవాలా 1000 వేసుకోవాలా? ఎవరైనా డాక్టర్ చెప్పండి ప్లీజ్.

మోడరేటర్:
ఇక్కడ ఎవరికీ మందు, డోసు చెప్పరు. దగ్గర్లో డాక్టర్‌ను కలవండి, రేపటిదాకా ఆగొద్దు. మిగతావాళ్లు టాపిక్ మీదే ఉండండి.

డల్లాస్_ఎన్‌పీ:
విజయవాడలో బీఎస్సీ నర్సింగ్, ఇక్కడికొచ్చి మాస్టర్స్, ఇప్పుడు ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌ని. సిస్టర్, "వాళ్లూ నర్సులే కదా" అన్నారు. నిజమే, కానీ ఇక్కడ రిజిస్టర్డ్ నర్సు మందు రాయలేదు. మళ్లీ మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసి, అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, పాథోఫిజియాలజీ చదివి, నేషనల్ బోర్డు పరీక్ష పాసైతేనే ఎన్‌పీ. మొదటి కోర్సు 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి పెట్టారు. డాక్టర్లు దొరకని చోట్ల పిల్లల కోసం మొదలైంది. మీ క్లినిక్‌లు పెట్టిన కారణం కూడా అదే.

ఇంకోటి, అమెరికా అంతా ఒకటి కాదు. సగానికి పైగా రాష్ట్రాల్లో ఎన్‌పీ ఎవరి సంతకం లేకుండా చూడొచ్చు, రాయొచ్చు. నేనున్న టెక్సస్ అలా కాదు. ఇక్కడ ఒక డాక్టర్‌తో ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ అని రాతపూర్వకంగా చేసుకోవాలి. ఒక డాక్టర్ ఏడుగురి వరకు అలా చూసుకోవచ్చు. నెలకోసారి మీటింగ్, కొన్ని చార్టులు ఆయన తిరగేయాలి. ఆక్సికోడోన్ లాంటి, అలవాటు పడే ప్రమాదమున్న గట్టి నొప్పి మందులు (ఇక్కడి లెక్కలో షెడ్యూల్ 2) హాస్పిటల్‌లోనో హాస్పిస్‌లోనో (చివరి దశ రోగుల సంరక్షణ) తప్ప నేను రాయలేను. అదే డిగ్రీతో సరిహద్దు దాటి న్యూ మెక్సికో వెళ్తే ఈ అగ్రిమెంట్ అక్కర్లేదు. చదువు మారలేదు, పేషెంట్ మారలేదు, రోడ్డు మీద బోర్డు మారింది.

మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు నన్ను చూసి "నర్సమ్మా? డాక్టర్ గారు లేరా?" అని తలుపు వైపే చూస్తుంటారు. బీపీ మాత్ర మార్చి, ఎందుకు మార్చానో తెలుగులో చెబితే, తర్వాతి విజిట్‌కు మాగాయ సీసాతో వస్తారు.

వరంగల్_ఎండీ:
అగ్రిమెంట్ సంగతి పూర్తిగా చెప్పండి మేడమ్. కొందరు డాక్టర్లు పేషెంట్‌ను చూడకుండా నెల నెలా ఫీజు తీసుకుని సంతకం మాత్రం పెడతారట కదా. అది పర్యవేక్షణా, అద్దెకిచ్చిన పేరా?

డల్లాస్_ఎన్‌పీ:
అలాంటివీ ఉన్నాయి, దాచేదేముంది. నా డాక్టర్ ఫోన్ చేస్తే ఎత్తుతారు, అంతవరకు అదృష్టం. ఎత్తనివాళ్లకు నెల నెలా డబ్బు కట్టే ఎన్‌పీలు నాకు తెలుసు. అందుకే మావాళ్లు ఆ అగ్రిమెంటే తీసేయమంటారు. 2000లో జామా అనే అమెరికా మెడికల్ పత్రికలో ఒక స్టడీ వచ్చింది. న్యూయార్క్‌లో 1,316 మంది పేషెంట్లను డాక్టర్లకు, ఎన్‌పీలకు లాటరీ పద్ధతిలో పంచి చూశారు. అక్కడ ఎన్‌పీలకు, డాక్టర్లకు అధికారాలు ఒకటే. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వరంగల్_ఎండీ:
ఆ స్టడీ చదివాను. ప్రధానంగా ఆరు నెలల ఫలితం చూశారు. బీపీ, షుగర్ పేషెంట్‌కు ఆరు నెలల్లో ఏం తేలుతుంది? కిడ్నీ పోయేది పదేళ్లకు. పైగా ఆ ఎన్‌పీలు ఓ పెద్ద యూనివర్సిటీ హాస్పిటల్ నీడలో పనిచేసేవాళ్లు, స్పెషలిస్టు పక్క బిల్డింగ్‌లోనే. దాన్ని తెచ్చి సిగ్నల్ కూడా అందని ఊరికి అంటగడితే ఎలా?

రైతుబిడ్డ_మార్కాపురం:
సిగ్నల్ అందని ఊరికి స్పెషలిస్టును మీరే పంపండి సార్, ఎవరొద్దన్నారు.

కరీంనగర్_మిడ్‌వైఫ్:
😀 బాగా అన్నారు అన్నా.

నేను కాన్పుల వైపు నుంచి చెబుతా, ఎందుకంటే ఈ గొడవ మాకు ముందే వచ్చింది. కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ గైడ్‌లైన్స్ ఇచ్చింది, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని 18 నెలల ట్రైనింగ్. కానీ దానికంటే ముందు నుంచే, ఎస్‌బీఏ (కాన్పు చేయడంలో నైపుణ్యం) ట్రైనింగ్ రోజుల నుంచే, మాకు కొన్ని మందులు చేతికిచ్చారు.

ఆక్సిటోసిన్ (గర్భసంచి ముడుచుకునేలా చేసే సూది మందు) తీసుకోండి. బిడ్డ బయటికి వచ్చాక, లోపల ఇంకో బిడ్డ లేదని పొట్ట తడిమి చూసుకుని, పది యూనిట్లు కండకు ఇవ్వాలి. డాక్టర్ కోసం ఆగకూడదు, ఆగితే తల్లి నెత్తురు పోతుంది. అదే యాంపుల్, అదే సిరంజి, నొప్పులు ఎక్కువ చేద్దామని కాన్పుకు ముందు ఏఎన్ఎం పెడితే అది తప్పు. గర్భసంచి చిట్లుతుంది, బిడ్డకు ఊపిరాడదు. ఇంట్లోవాళ్లు తొందర పెడతారు, "ఒక సూది వేయమ్మా, అయిపోద్ది" అంటారు. వేయం. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ కూడా అంతే, మొదటి డోసు ఒక్కో పిరుదుకు ఐదు గ్రాములు ఇచ్చి బండెక్కించాలి. తర్వాతి డోసులు పెద్దాసుపత్రి పని.

అందుకే "నర్సుకు అధికారం ఉందా లేదా" అని అడిగితే నాకు జవాబు రాదు. ఏ మందు, ఏ ఘడియలో, ఎన్నో డోసు అని అడిగితే వస్తుంది.

పల్నాటి_సిస్టర్:
అక్కా, ఇదే నాకు కావాల్సింది. పిల్లల దగ్గర మాకూ ఇలాంటిదే ఉంది. దగ్గు, జ్వరంతో పసిబిడ్డ వస్తే చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెడతాను. రెండు నెలలు నిండిన, ఏడాది లోపు బిడ్డకు 50, ఆ పైన ఐదేళ్ల దాకా 40 లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా కింద అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. అక్కడ నన్నెవరూ అడగరు. యాంటీబయాటిక్ ఇవ్వొచ్చట, బీపీ మాత్ర మొదలుపెట్టకూడదట.

డా_కేవీఆర్:
ఆ తేడాకు కారణం ఉంది సిస్టర్. న్యుమోనియా బిడ్డ రేపటికి ఉండకపోవచ్చు. బీపీ మనిషి రేపటికి ఉంటాడు. కానీ ఆ మాత్ర పాతికేళ్లు మింగాలి, అందుకే మొదటి అడుగు డాక్టర్ వేయాలన్నారు. హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల 2018 గైడ్‌లైన్స్‌లోనూ అంతే. మొదలుపెట్టేది మెడికల్ ఆఫీసర్, నెల నెలా ఇచ్చి కనిపెట్టుకుని ఉండేది మీరు.

చట్టం సంగతి కూడా. ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) యాక్ట్, 2019లో సెక్షన్ 32 ఉంది. ఆధునిక వైద్యంతో సంబంధం ఉన్నవాళ్లకు కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అని పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చని. సంఖ్య డాక్టర్లలో మూడో వంతు దాటకూడదు. నిర్దేశించిన మందులు, ప్రాథమిక, నివారణ వైద్యంలో మాత్రం సొంతంగా, మిగతా అంతా డాక్టర్ పర్యవేక్షణలో. దాని మీదే డాక్టర్ల సంఘం ఐఎంఏ 2019 జులై 31న దేశమంతా ఓపీలు ఆపింది, నేనూ ఆ రోజు నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నాను. మా భయం మీలాంటివాళ్ల గురించి కాదు. "ఆధునిక వైద్యంతో సంబంధం" అనే మాటలోకి రేపు ఎవరైనా దూరతారని. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ లైసెన్సు చేతిలో పట్టుకున్న మనిషి ఒక్కరూ నాకు ఎదురుపడలేదు.

లీడ్స్_నర్సు:
ఇక్కడ యూకేలో ఎలా చేశారో చెబుతాను, మధ్యేమార్గం కావాలంటే పనికొస్తుంది. 1986లో కంబర్లెజ్ రిపోర్టు వచ్చింది. ఇళ్లకు వెళ్లే నర్సులు పుండుకు కట్టే డ్రెస్సింగ్ కోసం కూడా డాక్టర్ సంతకానికి తిరుగుతున్నారు, టైం దండగ అని. 1992లో చట్టం. మొదట చిన్న లిస్టు. 2006 మే నుంచి అర్హత ఉన్న నర్సు తన సామర్థ్యం పరిధిలో దాదాపు ఏ మందైనా రాయొచ్చు. 2012లో కంట్రోల్డ్ మందులు (మత్తు, అలవాటు ప్రమాదం వల్ల గట్టి నియంత్రణ ఉన్నవి) కూడా చాలావరకు కలిపారు. రిపోర్టు నుంచి మొదలుపెట్టి లిస్టు లేని దాకా ఇరవై ఏళ్లు పట్టింది.

మందులు రాసే అర్హతకు వీ300 అని కోర్సు ఉంటుంది. మా కోర్సులో సీనియర్ ప్రిస్క్రైబర్ (మందులు రాసే అధికారం ఉన్నవారు) పక్కన కూర్చుని తొంభై గంటలు ప్రాక్టీస్. ఫార్మకాలజీ పరీక్షలో 80 శాతం రావాలి. డోసు లెక్కల పేపర్‌లో నూటికి నూరు. ఒక్క లెక్క తప్పితే ఫెయిల్, మా బ్యాచ్‌లో ఆ పేపర్ ముందు రాత్రి ఎవరూ నిద్రపోలేదు. పాసయ్యాక రిజిస్టర్‌లో నా పేరు పక్కన ప్రిస్క్రైబర్ అని ఎక్కుతుంది. చీటీ మీద నా పేరు, నా నంబర్. తప్పైతే పోయేది నా రిజిస్ట్రేషన్, డాక్టర్‌ది కాదు.

చట్టం ఏ మందైనా అంది కదా అని రాస్తాననుకోకండి. నేను గుండె జబ్బుల క్లినిక్‌లో చేస్తాను. ఎవరైనా చర్మానికి క్రీమ్ రాయమంటే రాయను, అది నా పరిధి కాదు.

నెల్లూరు_ఫార్మా:
ఈ పాయింట్ మనవాళ్లు పట్టుకోవాలి. మన దగ్గర పని నర్సుది, పేరు డాక్టర్‌ది. పొరపాటు జరిగితే డాక్టర్ "నేను చూడలేదు" అంటాడు, నర్సు "నేను రాయలేదు" అంటుంది. పేషెంట్ ఎవరిని అడగాలి? నాకు డిగ్రీల గొడవ అక్కర్లేదు. మందు డబ్బాకు ఒక పేరు తగిలించండి, చాలు.

వరంగల్_ఎండీ:
పేరు తగిలించాలంటే మూడు వైపుల నుంచి కదలాలి. నర్సింగ్ చట్టం ఇది నర్సు పని అనాలి. మందుల రూల్స్ ఆ చీటీని చీటీగా ఒప్పుకోవాలి. వైద్య చట్టం దాన్ని నేరం అనకూడదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల పీజీ పెట్టింది, పిల్లలు చదివి బయటికి వచ్చారు. హాస్పిటల్‌లో చేరితే వాళ్లకు దొరుకుతున్నది స్టాఫ్ నర్సు పోస్టే. కోర్సు ముందు వచ్చి చట్టం తర్వాత వస్తుందనుకుంటే ఇలాగే ఉంటుంది.

అనంత_స్టాఫ్‌నర్సు:
సార్ చెప్పింది అక్షరాలా నిజం. మా చెల్లెలు ఆ కోర్సు చేసింది. ఐసీయూలో రాత్రి డ్యూటీ డాక్టర్ కొత్తవాడైతే ఇన్‌ఫ్యూజన్ రేటు (నరంలోకి మందు ఎంత వేగంగా ఎక్కించాలో) ఈమెనే అడుగుతాడు. ఈమె చెబుతుంది, అతను రాస్తాడు. జీతం మాత్రం పక్క బెడ్ దగ్గరున్న ఫ్రెషర్‌తో సమానం.

ఇంకో మాట కూడా. మాలో కొందరికి ఈ అధికారం అసలు వద్దు. ఇప్పటికే యాప్‌లు, ఆన్‌లైన్ ఎంట్రీలు, సర్వేలు. కాంట్రాక్టు ఉద్యోగం, పక్కా జీతం లేదు. అధికారం పేరుతో బాధ్యత నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటారు. ముందు ఉద్యోగం పర్మనెంట్ చేయమనండి.

పల్నాటి_సిస్టర్:
అదీ నిజమే అక్కా. కానీ రేపు ఆమె మళ్లీ వస్తే నేనేం చేయాలి? చట్టం మారేదాకా ఆగలేను కదా.

డా_కేవీఆర్:
మా పీహెచ్‌సీ కింద క్లినిక్‌లకు నేను చేసింది చెబుతా, మీ ఎంఓ (మెడికల్ ఆఫీసర్) గారికి చూపించండి. స్టాండింగ్ ఆర్డర్, అంటే ఏ పరిస్థితిలో ఏ మందు ఇవ్వాలో డాక్టర్ ముందే రాసి సంతకం పెట్టిన ఆదేశం, ఒకే పేజీ. నర్సింగ్ కోర్సులో చదివే ఉంటారు.

బీపీకి ఇలా రాశాను: 30 ఏళ్లు దాటినవారు, గర్భం లేదని తేల్చుకున్నాక, రెండు వేర్వేరు రోజుల్లో 140/90 లేదా ఆ పైన ఉంటే ఆమ్లోడిపిన్ 5 ఎంజీ రోజుకొకటి, నెలకు. ఆ రోజే నాకు పేరు, రీడింగ్ మెసేజ్ పెట్టాలి. 104 బండిలో నేను ఊరికి వచ్చినప్పుడు ఆ మనిషిని నా ముందు కూర్చోబెట్టాలి. 180/110 దాటినా, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక ఉన్నా మాత్రతో ఆపకుండా ఫోన్ చేసి బండెక్కించాలి. తగ్గకపోతే రెండో మందు టెల్మిసార్టాన్ నేనే మొదలుపెడతాను, అది సిస్టర్లకు వదల్లేదు. గర్భం ఉందో లేదో తేలకుండా ఇస్తే కడుపులో బిడ్డకు ప్రమాదం. కింద నా సంతకం, నా రిజిస్ట్రేషన్ నంబర్. ఆ మాత్రకు నేనే జవాబుదారీ.

లీడ్స్_నర్సు:
దాని మీద తేదీ, గడువు కూడా పెట్టండి సార్. మాకు ఇలాంటివాటికి గడువు తప్పనిసరి. లేకపోతే డాక్టర్ బదిలీ అయి వెళ్లాక కూడా ఆయన పేరు గోడ మీద వేలాడుతూనే ఉంటుంది.

నెల్లూరు_ఫార్మా:
ఆ ఆర్డర్ క్లినిక్ గోడల మధ్యే చెల్లుతుందని కూడా రాయండి. స్టాక్ లేదని అదే పేజీ జిరాక్స్ తీసి షాపుకు పంపిస్తున్నారు కొందరు. మాకు అది చీటీ కాదు.

డా_కేవీఆర్:
రెండూ మంచి మాటలు. గడువు లేదు దాంట్లో, ఏడాది అని పెడతాను.

పల్నాటి_సిస్టర్:
సార్, చాలా థాంక్స్. మా ఎంఓ మేడమ్‌కు చూపిస్తాను. కొత్తగా వచ్చారు, సంతకం పెట్టడానికి భయపడతారేమో. ఆ రోజు వచ్చిన కూలి ఆవిడకు ఇంకోసారి బీపీ చూడటానికి ఆశాతో కబురు పంపాను, ఆదివారం కోతలు లేవు, వస్తానంది.

ఇదే పేజీలో మూత్రంలో మంటకు నైట్రోఫ్యురాంటోయిన్ కూడా పెట్టించుకోవచ్చా? వారానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు దానికే వస్తారు.

డా_కేవీఆర్:
యాంటీబయాటిక్స్‌కు వేరే టాపిక్ తెరవండి సిస్టర్. అక్కడ మీతో గట్టిగా పోట్లాడతాను.

రైతుబిడ్డ_మార్కాపురం:
తెరిచాక లింకు ఇక్కడ పెట్టమ్మా. మా ఆర్‌ఎంపీకి కూడా పంపిస్తా.